ఒత్తు

దేవరకొండ కోర్టు ఎదురుంగ
జిరాక్సు షాపుకు ఆనుకొని నా టైపు బల్ల.
పొద్దున్నే వచ్చి కూసున్నది, చందంపేట దిక్కు మనిషి.
ఒళ్లె ప్లాస్టిక్ కవరు, కవర్ల మూడు పేర్లు.

పాసుబుక్కుల ఈడమ్మ.
ఆధార్ల ఇదమ్మ.
బ్యాంకుల మాత్రం, తల్లి పిలిచినట్టే, ఈదమ్మ.
మునిగిన ఎకరం పది గుంటల పైసలు
ముగ్గురిట్ల ఎవరికియ్యాలెనో తెలుస్తలేదని
ఆఫీసోళ్లు తిప్పి పంపిన్రు.

ఏం లేదవ్వా, అఫిడవిట్ వేస్తె అయిపోతది అన్న.
అంటే ఏందన్నది.
ఒట్టు. కాయితం మీద పెట్టే ఒట్టు.
"బువ్వ గిన్నె మీద పెట్టిన, పిల్లగాని నెత్తి మీద పెట్టిన,
కాయితం మీద ఎన్నడు పెట్టలే.
ఆకలి తెల్వదు, ఏడుపు తెల్వదు,
దాని మీద ఒట్టు ఎట్ల నిలుస్తది?"

నేను కొడుతనే ఉన్న:
ఇరిగి ఈదమ్మ, భర్త లేట్ బుచ్చయ్య, వయసు అరువై ఒకటి,
దైవసాక్షిగా ప్రమాణము చేసి చెప్పునదేమనగా
పై మూడు పేర్లు గల వ్యక్తి ఒక్కరే, అది నేనే.
నాకు తెలిసినంత వరకు, నమ్మినంత వరకు నిజము.

చదివి వినిపించిన.
తెలిసినంత వరకు అన్న కాడ ఆపింది.
"నేను నేనే అని నాకు తెల్వకుంటె
ఇంకెవరికి తెలుస్తది సారూ?"
అది చట్టం మాట అవ్వా, అందరికి అట్లనే ఉంటది.
"మరి అబద్ధమైతే?"
జైలు.
కొంచెంసేపు ఊకున్నది.
"నా పేరు తప్పు రాసినోళ్లు
యాడన్న గిట్ల ఒట్టు పెట్టిన్రా?"

నా దగ్గెర దానికి ఫార్మెటు లేదు.
ఇరువై రెండేండ్ల సంది ఊరోళ్ల ఒట్లన్ని
నా పది వేళ్ల మీదికెళ్లే పోయినయి,
నేను మాత్రం దేనికీ చెయ్యి ఎత్తలే.

నోటరీ సారు తల ఎత్తకుండనే ముద్ర గుద్దిండు.
పత్తి డొప్పలు గీరి గీరి అరిగిన బొటనేలు,
రేషన్ మిషన్ గుర్తు పట్టదంట,
సిరా దిమ్మె మాత్రం పట్టింది.
నల్లటి మరక. గీతలు లేవు.

ఆమె పోయినంక
మిగిలిన జిరాక్సుల ఆ మరక కింద చూసిన:
ఈదమ.
మ కింది ఒత్తు యాడ్నో రాలిపోయింది.
నాల్గో మనిషిని నేను పుట్టిచ్చిన.

బల్ల ఇడిసిపెట్టి బస్టాండుకు ఉరికిన.
చందంపేట బస్సు ఎనుకకు జరుగుతున్నది,
కండక్టరు విజిలు.
పిలుద్దామంటే ఏ పేరు పిలవాలె?
అవ్వా! అన్న, ఊపిరందక.

కిటికీలల్ల నుంచి
నలుగురు తిరిగి చూసిన్రు.