ఇరవైనాలుగు గంటల సీసా

అకితా కొండల్లో ఫిబ్రవరి.
మంచు కిటికీల మెడదాకా వచ్చింది.
సుగావారా వాళ్ళింటి నుంచి నాలుగు సీసాలు
స్లెడ్జి మీద కట్టుకుని దిగుతున్నాను.
ఒక రోజంతా పట్టిన మూత్రం,
సీసాకో పేరు, వయసు, సిరా గీత.
గడ్డకట్టకుండా నా పాత స్వెటర్ చుట్టాను.
నర్సు ఉద్యోగమంటే ఇదేనని
మా అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ముసలమ్మ కియోనోకి నూట తొంభై.
పాదరసం ఎక్కుతుంటే నవ్వుతుంది,
"మా ఆయనది ఇంకా పైకెక్కేది" అంటుంది.
ఆయన చలిలో పెరటి దొడ్డికి వెళ్ళి
తెల్లారినా రాలేదట.
గుమ్మం ముందు గడ్డి బూట్లలో
మంచు నిండిపోయిందట.

కొడుకు తొకుజివి తల్లి కనుబొమలే.
నెత్తురూ అంతే: ఇద్దరిలోనూ రెనిన్ అడుగంటింది.
ల్యాబు కాగితం మీద
తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చున్నారు.

కోడలు మినాయేది ఎక్కడో దక్షిణాన
ఎహిమే నారింజ తోటల పక్క ఊరు.
ఈ ఇంటి నెత్తురు చుక్కైనా ఆమెలో లేదు,
ఈ ఇంటి ఉప్పు తిన్నది, అంతే.
పదిహేడేళ్ళు ఒకే పచ్చడి తొట్టి,
పొగలో ఎండిన ముల్లంగి, మిసో పులుసు,
గిన్నె అడుగుదాకా తాగే నూడుల్స్ నీళ్ళు.
సీసాలో చూస్తే అత్తాకోడళ్ళకి గ్రాము తేడా లేదు.
వచ్చిన కొత్తలో నూట పది,
ఇవాళ నూట నలభై నాలుగు.

వంశవృక్షం గీసి తెమ్మన్నారు డాక్టరుగారు.
మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా,
పోటున్నవాళ్ళకి నల్లరంగు.
తొట్టిని ఎక్కడ గీయాలో నేనడగలేదు.
పొయ్యి లేని పడకగదిని,
తలుపు సందులో రాత్రంతా ఈలవేసే గాలిని
ఏ కొమ్మకి తగిలించను?

నాలుగోది మనవడిది. తొమ్మిదేళ్ళు.
సగమే నింపాడు. మిగతాదాంతో
మంచు మీద పేరు రాసుకున్నానని
చెవులు ఎర్రబడుతూ ఒప్పుకున్నాడు.
"అసంపూర్ణం" అని రాశాను.

బయల్దేరుతుంటే కియోనో
నా చేతిలో ముల్లంగి ముక్క పెట్టింది.
పొద్దుటినుంచీ ఉప్పు తగ్గించమన్న నోరే
కరకరా నమిలింది.
మా అమ్మా ఇలాగే కోసేది, ఏటవాలుగా.
ఆవిడ సున్నా ఎప్పుడో నల్లబడింది.
నాదింకా ఖాళీ.
నా చేతికి పట్టీ నేనే చుట్టుకోవాలి,
రేపనుకుంటాను, రోజూ.

మలుపులో స్లెడ్జి జారింది.
స్వెటర్ లోపల సీసాలు
ఒకదాన్నొకటి తట్టుకున్నాయి.
ఆగి, ముడి బిగించి,
పళ్ళ సందున ఇరుక్కున్న ఉప్పుని
నాలుకతో వెతుక్కుంటూ నడిచాను.