సానరాయి రుచి

లంకలో ముప్ఫై రెండు తాళ్ళు ఎక్కేవాడు
మా బాబాయి గుబ్బల బుల్లియ్య.
ఏ ముంతలోంచి పోసినా ఒక్క గుక్క,
ఏ చెట్టుదో చెప్పేసేవాడు.

ఏటివార ఇసకలో చెట్టుది
నోట్లో నీళ్ళలా జారుతుంది,
పొద్దు బారెడెక్కేసరికి పులిసిపోతుంది.
వరద పోసిన ఒండ్రులో చెట్టుదైతే
నాలిక మీద చాప పరుచుకుంటుంది,
లెమ్మన్నా లేవదు.
ఇక మురుక్కాలవ దిగువన, పోటు నీరు తగిలే చవుడులో
గూనిగా నించున్న ఆ పోతుతాడు,
తీపంతా అయిపోయాక, చిట్టచివర
ఒక్క ఉప్పు రవ్వ.
ఆ రవ్వ కోసమే వేట లేని రోజుల్లో
అంతర్వేది నుంచి సైకిలు తొక్కుకొచ్చేవాడు
పడవల లోవరాజు.

మాఘం మంచు ముంతలోకి దిగిన రాత్రి
కల్లు నిదానంగా కళ్ళు తెరుస్తుంది.
రోహిణిలో పడమటిగాలి తిరిగిందా
చెట్టు దిగేలోపే నురగ, మోకు నిండా ఈగలు.
"చెట్టు సొంతంగా ఏం పెట్టదే అమ్మాయ్,
అది తాగిందే మనకి పోస్తది."

నాసిక్‌లో ద్రాక్షతోట లెక్కలు రాసే
మా సూరిబాబు మొన్న ఓ సీసా తెచ్చాడు.
తెల్ల వైను. ఐసులో పెట్టి,
స్టీలు గ్లాసులో పోసిచ్చాడు.

బాబాయి చెట్టెక్కి పదేళ్ళయింది, మోకాళ్ళు రావు.
వాసన చూశాడు, పుక్కిట పట్టాడు,
చాలాసేపు చూరు వంక చూశాడు.
"ఏ చెట్టురా ఇది?"
చెట్టు కాదు తాతా, తీగ.
"తీగో గీగో, రాళ్ళ మీద పుట్టింది.
పగలు మాడింది, రాత్రిళ్ళు వణికింది.
నీళ్ళడిగినప్పుడల్లా ఎవడో లేవన్నాడు."

కొండవాలు, నల్లరాయి, చలిరాత్రులు,
చుక్కచుక్క లెక్కపెట్టి వదిలే పైపులు.
సూరిబాబు అన్నిటికీ తలూపాడు.

పలుగు ఎంత దించినా
గులకరాయి తగలని ఊరు మాది.
రాయి రుచి నీకెలా తెలుసని అడిగాను.
కుడి బొటనవేలు చూపించాడు.
నలభై ఏళ్ళు తెల్లారగట్ల
సానరాయి మీద గీతకత్తి నూరి
పదును చూసిన వేలు,
నోట్లో పెట్టుకున్న వేలు.

సగం గ్లాసు మిగిల్చేశాడు.
"బాగుందిరా. దాహంతో పెరిగింది కదా,
తాగుతుంటే జాలేస్తంది."

అప్పుడే, ఎవరూ అడక్కుండానే,
చవుట్లో పోతుతాడు మాటెత్తాడు.
పక్కన రొయ్యల చెరువు తవ్విన మూడో ఏడు
కొడుకు దింపుకొచ్చిన ముంతని
గుక్కెడు చూసి గట్టు మీద వంచేశాడట.

"చివర్న రావాల్సిన ఉప్పు
ముందే వచ్చేసింది."