వెనక సీటుకి

ఔలులో అక్టోబరు, మొదటి మంచు.
ముప్ఫై ఏడేళ్ళ కరోలా వెనక సీటు ఊడదీసి
గరాజు గోడకి ఆనించాను.

సీటు కింద ఒక జడపిన్ను,
ఎండి రాయైన నారింజ తొక్క,
ఇప్పుడెక్కడా చెల్లని ఒక మార్కు నాణెం.
ఎందుకో జేబులో వేసుకున్నాను.

పళ్ళెం బోర్లించి అట్ట మీద గీసిన గుండ్రం
రంపం చేతిలో అష్టవంకరలు పోయింది.
"జాలీ కప్పేస్తుందిలే" అంది
టార్చి పట్టుకున్న అక్క ఇర్మెలి.
పడవ వాటా గొడవయ్యాక
తను నాతో అన్న మొదటి మాట.

తివాచీ కింద నేను తీగ తోస్తే
అటువైపు తను అందుకుంది.

రేడియో పెట్టాను.
రెండు స్పీకర్లూ మోగుతున్నాయి,
పాట మాత్రం నీళ్ళ మజ్జిగ.
ఒకటి ముందుకి తోస్తుంటే
రెండోది వెనక్కి గుంజుతోంది.
ఎడమదానికి తీగలు తారుమారు చేశానన్నమాట.

డిక్కీలో తల దూర్చి మార్చాను.
వేళ్ళు కొంకర్లు పోయాయి.

తలెత్తితే,
సీటు లేని చోట వట్టి రేకు మీద
ఇర్మెలి చతికిలబడి
సముద్రపు వాతావరణం వింటోంది:
ఉత్తరపు గాలి తగ్గుముఖం,
అలలు ఒక మీటరు.

"తలుపు వెయ్యి టౌనో," అంది,
"చలి."