టెంప్ ఫైలు

కరెంటు పోలేదు.
పోయుంటే కరెంటాఫీసునన్నా తిట్టుకునేదాన్ని.
సాయంత్రం నాలుగుంపావుకి మిషను దానంతటదే బిగుసుకుంది.
బాణం గుర్తు ఇసుక గడియారమై
ఇసుక మాత్రం కదలకుండా.

తొంభై ఎనిమిదినాటి విండోసు,
అంతకన్నా పాతది పేజీలు కట్టే ప్రోగ్రాము.
మార్కాపురంలో ఇంకెవరి దగ్గరా లేదు.
కొత్త వాటిలో నా ఫాంట్లు దిగవు,
పెళ్ళికార్డుల్లో పేర్లకి ఒత్తులూడిపోతాయి.

పక్కన స్టూలు మీద తిరుపాలు తాత.
పొద్దున పదింటి నుంచీ ఆయన చెప్పడం, నేను కొట్టడం.
పలకల గనుల్లో దిగి
దుమ్ము తాగి పోయినోళ్ళ పేర్లు,
ఊరు, ఏ గని, ఎన్నేళ్ళకి పోయిందీ.
కాయితం మీద ఏమీ లేదు.
ముప్పయ్యేళ్ళు పలకలు కోసినోడికి
పలక మీద రాయడం రాదే ఖాశింబీ
అని ఆయనే నవ్వాడు.
నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపుంది.

మధ్యలో సేవ్ కొట్టలేదా అంటారు మీరు.
కొడితే ఒకటిన్నర నిమిషం ఆలోచిస్తుందది.
పేరు మీద పేరు వస్తావుంటే
ఎవరి దగ్గర ఆపను?

"పోయినాయా?" అన్నాడు.
"యాడో ఉంటాయిలే తాతా" అన్నాను,
చావింటికి పోయి మాట్లాడే గొంతుతో.

రాత్రి సగం షట్టరు దించి
డాస్‌లోకి దిగాను.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.
చంకలో పెట్టుకుని బడికెళ్ళిన వస్తువే.
తోక గుర్తుతో మొదలయ్యే ఫైళ్ళు పదకొండు,
తొమ్మిది సున్నా సైజు.
ఒకటి నిరుటి కరపత్రం.
ఒకటి మాత్రం బరువుంది.

తెరిస్తే తెలుగు లేదు.
డాలర్లు, కొక్కేలు, ఆశ్చర్యార్థకాలు,
తలకిందులైన ప్రశ్నలు.
కళ్ళతో చదివితే ఒక్క ముక్క అందలేదు.
కీబోర్డు మీద చేతులుంచి
నొక్కకుండా నొక్కుతూ పోయాను.
ఇరవయ్యేళ్ళ వేళ్ళు కదా,
చూపుడు వేలికి ముందు తెలిసింది:
మీరావలి.
తర్వాత ఇశ్రాయేలు. గోనె మాల్యాద్రి.
చిన్న వెంగళప్ప, ముప్పైనాలుగేళ్ళు.
కాశమ్మ, రాళ్ళు మోసింది, వయసు రాయించలేదు.

వరస లేదు. ఎనభైమూడు తర్వాత పన్నెండు.
ఒకచోట పేజీన్నర మేర ఉత్త గళ్ళు.
తెల్లవారుజామున, అన్నిటి కిందా,
ఎవరికీ చెందకుండా ఒక పేరు:
గురవయ్య.

గుర్తొచ్చింది. మధ్యాహ్నం టీ తాగి
"అది తీసెయ్" అన్నాడు తాత.
ఎందుకని అడగలేదు, చెరిపేశాను.
ఈ పాత ప్రోగ్రాముకో జబ్బుంది,
చెరిపింది పారెయ్యదు,
ఫైలు అడుక్కి నెట్టుకుంటుంది.

పొద్దున్నే వచ్చాడు, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని.
చదివి వినిపించాను.
గళ్ళ దగ్గర ఆగితే ఆయన పూడ్చాడు,
మూడు తప్ప.
ఆ మూడూ ఈయనకీ రాలేదు.
చివరిది చదవనా మాననా అని
నీళ్ళు తాగాను.
చదివాను.

వీధిలో గ్రానైటు లారీ ఒకటి వెనక్కి తిరుగుతోంది,
అది పూర్తిగా తిరిగిందాకా మాట్లాడలేదు.

"మా తమ్ముడు.
దుమ్ముతో పోలేదని, తాగుడుతో పోయాడని
కంపెనీ కాయితానికి వేలిముద్రేసింది నేనే.
ఎనిమిదొందలిచ్చారు."

ఫ్యాను తిరుగుతోంది.
నేను మౌసు కింద గుడ్డ సర్దాను, అవసరం లేకపోయినా.

"ఎన్నో నంబరులో ఉండాడు?"
"నంబరు లేదు తాతా. అందరి కిందా, విడిగా."
"అయితే అట్టానే ఉండనీ."

సేవ్ నొక్కాను.
ఇసుక గడియారం వచ్చింది.
ఆయన స్టూలు దగ్గరకి జరుపుకున్నాడు.
ఒకటిన్నర నిమిషం
ఇద్దరం దాన్నే చూస్తా కూర్చున్నాం.