పేరు పిలిచినారు

కోసిగిలో దసరా దాటితే
వీధులు తాళాలేసుకుంటాయి.
పిల్లా జెల్లా, కోళ్ళ గంప, రొట్టెల పెనము
ట్రాక్టరెక్కి గుంటూరు మిరపచేలకు
సుగ్గికి పోతాయి.
సరిగ్గా అప్పుడే నా చేతికొస్తుంది
ఓటర్ల పట్టిక.

అంగన్‌వాడీ టీచరును నేను.
పొద్దన్నే గుడ్లు పంచుతా,
పొద్దు వాలినాక ఓటర్లను లెక్కబెడతా.
తాళముంటే పేరు పక్కన
'ఇక్కడ లేరు' అని రాయల్లంట.
ఇంకో రెండుతూర్లు పోయి చూసి
కొట్టేయల్లంట.

ఉరుకుందమ్మ. తాళం.
హుసేన్‌బీ. తాళం.
తిక్కమ్మ. తాళం, గడప మీద ఎవరిదో మేక.
మొన్ననే పద్దెనిమిది నిండిన రేణుక. తాళం.
ఫారానికి ఫోటో ఇచ్చి పోయింది,
నవ్వు ఆపుకోలేక కదిలిపోయిన ఫోటో.

వీధి చివర బండల మిద్దెలో
తాయక్కవ్వ ఒక్కతే ఉంది.
నా చేతిలో కాగితాలు చూసి
అడక్కుండానే మొదలుపెట్టింది.

"మొట్టమొదట రాసేటోడు వచ్చినప్పుడు
మా అత్త తలుపు సందులో నిలబడి
పిల్లోనితో చెప్పించిందంట,
ఈరన్న పెండ్లాం అని.
మొగుని పేరు తను పలకగూడదు,
తన పేరు పరాయోడు పలకగూడదు.
పేరు లేనోళ్ళను రాయొద్దని
పైనించి కాగితమొచ్చెనంట.
ఆ యేడు ఈరన్న ఓటేసె.
ఈరన్న పెండ్లాం జొన్నలు దంచె."

మరి నువ్వవ్వా?

"నేను చెప్తి.
ఇస్కూలు గదిలో మేజా కాడ కూసున్నాయప్ప
గట్టిగా పిలిచె: తాయక్క!
పెండ్లైన తొమ్మిదేండ్లకు.
ఈ ఊర్లో అందరికీ నేను ఆదోనిదాన్నే.
గదిలో మగోళ్ళంతా తిరిగి చూసిరి.
నేనూ తిరిగి చూస్తి,
ఎవురబ్బా అది అని."

ఎవరికేసినావు?

"అదెవురికి యాదికుంది.
పేరు పిలిచినారు."

పంచాయితీ ఆఫీసు బోర్డు మీద
సర్పంచు పేరు ఆమెది,
కింద ఫోను నంబరు ఆయనది.
ఓతూరి చేసినా.
సర్పంచమ్మ కావల్ల అంటే
"రొట్టెలు చేస్తాండాది, నాతో చెప్పు" అన్నాడు.
చెప్పినా.
నాల్రోజుల్లో బోరు బాగైంది.
నాకే బాగలేదు.

ఢిల్లీ సభలో నూటికి
పద్నాలుగు మంది కూడా లేరంట ఆడోళ్ళు.
నూరు గుడ్లొచ్చిన పొద్దు నేనట్ల పంచితే,
ఆడపిల్లలకు పద్నాలుగు పెట్టి
తక్కినవన్నీ మగపిల్లలకు పెడితే
సూపర్వైజరమ్మ నన్ను బతకనిస్తుందా?
మూడోవంతు ఇస్తామని రాసినారంట.
ఎప్పుడంటే
జనం లెక్కలైనాక,
కొత్త గీతలు గీసినాక.
ఆ లెక్కలకైనా
ఇట్ల తాళాల ముందర నిలబడేది
నాలాంటిదే ఎవరో ఒకతె.

రాత్రి రేణుకకు ఫోను చేసినా.
చేను కాడ గుడిసెలో ఎవరో దగ్గుతాండారు.
కళ్ళు మంట, చేతులు మంట,
నీళ్ళు పోసుకున్నా మంటేనంట.
"అక్కా, నా పేరొచ్చెనా?"
వచ్చింది అన్నా.
ఇంకా రాలేదు.
పంపాల్సింది నేనే కదా, పంపుతా.

'సుగ్గికి పోయింది, ఉగాదికొస్తుంది'
అని రాసేదానికి ఈ కాగితంలో గడి లేదు.
అంచులో రాసినా,
చీమల్లాంటి అక్షరాలతో,
ఇంటింటికీ.
పైనోళ్ళు చదువుతారో లేదో.

తెల్లారి మళ్ళా ఆ వీధికి పోతే
తాయక్కవ్వ కొంగు సర్దుకోని
గడపలోకొచ్చి నిలబడింది.
"నాది ఉందేమో చదువు."

చదివినా.

"అట్ల గాదు పాపా.
మేజా కాడ ఆయప్ప పిలిచినట్ల."