ఏడో కాపీ

మనామాలో ఆగస్టు నెలాఖరు. నలభై అయిదో సంవత్సరం.
పంకా తిరిగితే కాగితాలు లేచిపోతున్నాయని
హాలోవెల్ దొర పంకా కట్టేయించాడు.
శాశ్వత శాంతి అలా
మెడ వెనక చెమటతో మొదలయింది.

వాషింగ్టన్ మనిషి. విమానం మారే సందులో
మూడు రోజులు ఇక్కడ ఆగాడు.
చమురు కంపెనీవాళ్లు నన్ను అరువిచ్చారు, మిషనుతో సహా.
భీమిలి గవరయ్యని. నిమిషానికి అరవై మాటలు, తప్పుల్లేకుండా.
ఆయన నోట్లో గ్యావ్రీని.

"ఇకమీదట ఏ దేశమూ..." అని నడుస్తూ చెబుతాడు.
కిటికీ దాకా వెళ్లి, సముద్రాన్ని చూసి, వెనక్కి తిరిగి
"ఏ సభ్యదేశమూ" అని దిద్దుతాడు.
నేను కాగితం లాగేసి, ఆరు కార్బన్లు సర్ది
మళ్లీ మొదటినుంచి.
ఆ ఒక్క మాటకి ఎన్ని ఊళ్లు గీతకి అవతల పడ్డాయో
లెక్కపెట్టడం నా ఉద్యోగం కాదు.

చెడ్డవాడు కాదు.
నిమ్మరసం రెండు గ్లాసులు తెప్పించి
ఒకటి నా మోచేతి పక్కన పెట్టాడు.
సిగరెట్ పెట్టెలో కొడుకు ఫోటో.
ఏదో పసిఫిక్ దీవి, పేరు చెప్పాడు,
రెండుసార్లు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు.

ఏడు కాపీలు. మొదటిది వాషింగ్టన్‌కి, రెండోది లండన్‌కి,
నడుమవి ఎవరికో నేను అడగకూడదు.
ఏడోది ఫైలుకి.
ఏడో కాపీలో అక్షరాలు
మంచులో నడిచిపోతున్న మనుషుల్లా ఉంటాయి.

అలాంటి మనుషులు నాకు తెలుసు.
మా అక్క రంగూన్ నుంచి నడిచింది, నలభై రెండులో,
ఇద్దరు పిల్లలతో, ఒక ఇత్తడి మరచెంబుతో.
తమూ దాకా చూశామన్నవాళ్లున్నారు.
మరచెంబు ఇల్లు చేరింది, ఎవరి చేతో.

తొమ్మిదో అధికరణం, నిర్వాసితుల గురించి:
"తగిన సమయమున పరిశీలించబడును."
'తగిన' దగ్గర నా వేలు ఆగింది.
"స్పెల్లింగా?" అన్నాడు దొర.
కాదండీ, రిబ్బను, అన్నాను.

సాయంత్రం గేటు దగ్గర సాలిమీన్.
ముప్పై ఏళ్లు ముత్యాల కోసం మునిగినవాడు,
చెవులు రెండూ సముద్రానికే ఇచ్చి వచ్చాడు.
ఇవాళేం రాశారని అడిగాడు.
ఇక యుద్ధం రాదని
చెవిలో నోరు పెట్టి అరిచాను.
వీధిలో నలుగురు తిరిగి చూశారు.

ముసలాయన గడ్డం గోక్కున్నాడు.
"తాడు ఎవరి చేతిలో?"
దిగేవాడి సత్తా సగమేనట.
పైన తాడు పట్టినవాడు కునుకు తియ్యకూడదు,
బేరాల్లో పడకూడదు,
కింద ఒక్కసారి కదిపితే చాలు,
ఎవడివిరా అనకుండా లాగాలి.

అయిదుగురి చేతిలో, అన్నాను, వేళ్లు చూపించి.
"అయిదుగురా!"
నవ్వాడు, పళ్లు లేవు.
"అయితే దిగేవాణ్ణి
ఊపిరి కాస్త ఎక్కువ పట్టుకోమను."

మూడో రోజు విమానం ఎగిరిపోయింది.
కార్బన్లు కాల్చెయ్యమని దొర ఆజ్ఞ.
ఒక్కొక్కటీ దీపానికి పట్టి చూశాను.
అన్ని చిత్తుప్రతులూ ఒకదాని మీదొకటి,
'ఏ దేశమూ', 'ఏ సభ్యదేశమూ'
ఒకే చోట ఒకదాని పీక మీద ఒకటి.
కుడి ఎడమగా, ఎవరూ చదవలేనంత నిండుగా.

అయిదు కాల్చాను.
ఆరోదాన్ని ఫైలు కాపీ మీద పరిచి
తొమ్మిదో అధికరణం పక్కన, మార్జినులో,
పెన్సిలు మొద్దుతో ఒత్తి రాశాను, తెలుగులో:
నరసాయమ్మ.
గౌరి, ఎనిమిదేళ్లు.
చిన్నోడు, పేరింకా పెట్టలేదు.

కార్బన్‌లో రంగు దాదాపు అయిపోయింది.
వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి కాదు.

ఫైలు దారం రెండు ముళ్లు వేశాను.
పంకా వేశాను.
ఏమీ ఎగరలేదు.