అతని ఖాతాలో

గురువారం పొద్దున షట్టర్ సగం ఎత్తానో లేదో
వంగి లోపలికొచ్చింది వెల్డా గాస్కిన్స్.
"నాలుగు జబ్బలు కావాలి. రేపు రాత్రి పొయ్యెక్కిస్తా.
శనివారం డెల్మర్‌ది."

డెల్మర్‌ది ఏమిటని అడగలేదు నేను.
టార్ నది ఒడ్డున ఇంత చిన్న ఊళ్ళో
చావు కబురు నా మాంసం కొట్టుకి
పాల బండి కంటే ముందొస్తుంది.

అతన్ని ఆమె వదిలేసి తొమ్మిదేళ్ళు.
కానీ చర్చి భోజనాల కమిటీలో
పొగపొయ్యి చేతనైంది ఆమె ఒక్కతికే.

అద్దం మీద రెండు చేతులూ ఆనించి చూసింది.
ఒక పక్క పై జబ్బలు,
కోసిన మొహాన తెల్లటి కొవ్వు
పిల్లకాలవల్లా చీలి మాంసంలో ఇంకినవి.
(పేరుకి బోస్టన్ పిర్ర, ఉండేది భుజం మీద.
పేరు పెట్టినవాడు పందిని ఏ వైపు నుంచి చూశాడో.)
ఇంకో పక్క కింది జబ్బలు,
కాలు మొదలు, తోలు తొడుక్కునే ఉన్నవి.

"ఎముక తీసి తాడు కట్టినవి నా ముందు పెట్టకు.
లోపలి సంగతి నాకెవరు చెప్తారు?
రెక్క ఎముక ఉండాలి.
పద్నాలుగు గంటలయ్యాక రెండు వేళ్ళతో లాగితే
మాగిన పండులోంచి టెంకలా
నున్నగా చేతికి రావాలి."

బొటనవేలితో నొక్కింది.
"ఇది పాలిపోయింది, నీళ్ళు కక్కుతోంది. తియ్.
దీని కొవ్వు దుప్పటి మరీ మందం.
వేలెడు చాలు. ఆపైన రాసిన ఉప్పూ కారం
కుక్కపాలే."

మూడు తేలాయి, తలా ఎనిమిది పౌన్ల పైచిలుకు.
నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది.

కింది జబ్బ వైపు చూస్తోంది.

ఇదే అద్దం ముందు, ప్రతి జులైలో, ఆ ఇద్దరి గొడవ.
తోలు చిటపటలాడకపోతే అదేం బార్బెక్యూ అని అతను.
పై జబ్బ పట్టుకుని వదలని ఆమె.
ఒక ఏడు చెరో పొట్లం, చెరో కారు.
జబ్బ దగ్గర విడిపోయారని ఊరు నవ్వింది.
జబ్బ దగ్గర కాదు.
బాకీల పుస్తకం నా సొరుగులో ఉంది,
పేజీ పొడుగునా అతని సంతకాలు,
కొట్టేసిన గీతలన్నీ ఆమె జీతం రోజులు.

చచ్చినవాడి కళ్ళు చారెడు.
శనివారం ఒక్కొక్కరూ లేచి, వెనిగర్ తడి మూతి తుడుచుకుని,
ఎంత మంచివాడో అంటారు.
ఆమె వడ్డిస్తూ ఉంటుంది.

"నువ్వే చెప్పు," అంది.
పాతికేళ్ళలో నన్ను అడగడం అదే మొదలు.

"కింది జబ్బలో సగం ఎముకే. నరాలెక్కువ.
పీచు తీసేసరికి వేళ్ళు పడిపోతాయి.
చౌక, అంతే."
"ఆ మాట అతనికి చెప్పాల్సింది."
"చెప్పాను."
"నేనూ చెప్పాను."

నాలుగోదీ పై జబ్బే తీసుకుంది.
కాగితం చుట్టాను, డబ్బు లెక్కపెట్టింది,
పెట్టె చంకనెత్తుకుని తలుపు దాకా వెళ్ళింది.

అక్కణ్ణించే, వెనక్కి తిరగకుండా,
"ఆ కింది జబ్బ తోలు ఒలిచి ఇస్తావా?
తోలు మాత్రం."

ఒలిచాను. కత్తి కొత్తగా నూరిందే,
అయినా తొందరపడలేదు.
తూకం వేసి ధర చెప్పాను.

"అతని ఖాతాలో రాసుకో," అంది వెల్డా.
నవ్విందో లేదో, వెలుతురుకి ఎదురుగా ఉంది,
కనపడలేదు.

కారు మలుపు తిరిగాక సొరుగు లాగాను.
తొమ్మిదేళ్ళుగా తెరవని పేజీ, కొవ్వు మరకకి
కింది కాగితం దాకా పారదర్శకం.
తోలు, పౌనున్నర, అని రాశాను.
తారీఖు వేశాను.
సంతకం దగ్గర
ఖాళీ వదిలాను.